అడిగితే ఆగిపోతుందని అడగలేదు

ఫోన్ మోగుతుంది. మీ పేరున వచ్చిన పార్శిల్‌లో మత్తుపదార్థాలు దొరికాయంటాడు అవతలి వ్యక్తి. కాసేపటికి వీడియో కాల్‌లో పోలీసు యూనిఫారం, ఆపై సుప్రీంకోర్టు పేరుతో ఒక ఉత్తర్వు. గది తలుపు వేసుకోమంటారు, ఇంట్లో ఎవరికీ చెప్పవద్దంటారు. ‘డిజిటల్ అరెస్టు’ అనే ఈ మోసంలో జీవితమంతా కూడబెట్టుకున్నది పోగొట్టుకున్నవారిలో బాగా చదువుకున్నవారూ ఉన్నారు.

మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదని 2024 అక్టోబరు 27న ‘మన్ కీ బాత్’లో ప్రధాని మోదీ చెప్పారు. అయినా మోసాలు ఆగలేదు. హర్యానాలోని అంబాలాకు చెందిన వృద్ధ దంపతులను నకిలీ కోర్టు ఉత్తర్వులతో భయపెట్టి కోటి రూపాయలకు పైగా దోచుకున్న ఉదంతాన్ని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు స్వీకరించింది. డిసెంబరులో ఇలాంటి కేసుల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది.

దొంగలను పట్టుకోవడం ప్రభుత్వం పని. మనం ఆలోచించవలసింది మరొకటి ఉంది. దోచిన సొమ్ము చేరడానికి ఒక బ్యాంకు ఖాతా కావాలి. కొద్దిపాటి కమీషన్‌కు ఆశపడి తమ ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ ఇతరులకు అప్పగించే సామాన్యులు అందుకు దొరుకుతున్నారు.

ఆ మధ్య ఒక యువకుడు ప్రార్థన చేయించుకోవడానికి నా దగ్గరకు వచ్చాడు. అతని ఖాతా స్తంభింపజేశారు, పోలీసు నోటీసు వచ్చింది. “అయ్యగారూ, నేనెవరినీ మోసం చేయలేదు. ఖాతా ఇచ్చానంతే” అన్నాడు. “ఊరికే డబ్బులెందుకు ఇస్తున్నారని ఎప్పుడూ అనిపించలేదా బాబూ?” అని అడిగాను. చాలాసేపు తల వంచుకుని, “అనిపించిందండి. అడిగితే ఆగిపోతుందని అడగలేదు” అన్నాడు.

ఆత్మవంచన అంటే ఇదే. తెలియకపోవడం కాదు, తెలుసుకోకుండా ఉండటానికి నిర్ణయించుకోవడం. దావీదు కూడా నాతాను చెప్పిన గొర్రెపిల్ల కథ విని ఆ ధనవంతుడి మీద మండిపడ్డాడే గాని, ఆ ధనవంతుడు తానేనని గుర్తించలేదు. ఇతరుల పాపం అంత స్పష్టంగా కనబడిన కంటికి సొంత పాపం కనబడలేదు.

మరి సంఘంలో మన సంగతేమిటి? కట్నం తీసుకుని దానికి ‘ప్రేమ కానుక’ అని పేరు పెడతాం. క్రీస్తులో అందరం ఒక్కటేనని పాడి, పెళ్లి సంబంధం దగ్గర కులం అడుగుతాం. కాపరులమైన మేమూ మినహాయింపు కాదు. సంఘ సభ్యుల లెక్క పెంచి నివేదిక రాసినా, కానుక వేస్తే రెట్టింపు వస్తుందని పేద విధవరాలికి ఆశ చూపినా, అది పరిచర్య కోసమేనని మాకు మేము చెప్పుకుంటాం. అననీయ పొలం అతనిదే. మొత్తం ఇమ్మని ఎవరూ బలవంతం చేయలేదు. కొంత దాచుకుని అంతా ఇచ్చినట్టు కనబడాలనుకోవడమే అతని పాపం. వాక్యం విని ఊరుకునేవాడు తననే మోసం చేసుకుంటాడని యాకోబు రాసింది విశ్వాసులకే గదా!

మోసగాడి బలమంతా రహస్యంలో ఉంది. ఎవరికీ చెప్పవద్దన్నది వాడి మొదటి ఆజ్ఞ. అలాంటి ఫోన్ వస్తే వెంటనే పెట్టేసి ఇంట్లోవారికి చెప్పండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. మోసపోయినవారిని నలుగురిలో నవ్వులపాలు చేయకండి. ఆ సిగ్గుతోనే చాలామంది నోరు విప్పరు.

పాపం బలం కూడా రహస్యంలోనే ఉంది. మన పాపాలను ఒప్పుకుంటే దేవుడు నమ్మదగినవాడు, క్షమిస్తాడు. కానీ ఒప్పుకోలు ప్రార్థనతో ముగిసిపోదు. జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. ఆ యువకుడు మర్నాడు తనంతట తానే పోలీస్ స్టేషన్‌కు వెళ్లి, తెలిసినదంతా చెప్పాడు. తోడుగా నేనూ వెళ్లాను. కేసు ఇంకా నడుస్తోంది. కానీ చాలాకాలం తరువాత ఆ రాత్రి నిద్రపట్టిందని అతడు చెప్పాడు.

ప్రియ పాఠకులారా, అడిగితే ఆగిపోతుందని మనం అడగకుండా వదిలేసిన ప్రశ్న ఏది? ఈ వారం దానిని దేవుని సన్నిధిలో అడుగుదాం.