శిక్షను చెడగొట్టింది మనమేనా?

హిందీలో శిక్ష అంటే చదువు, తెలుగులో దండన. ఈ తేడా చూపించి, సంస్కృతపు మాటను మనవాళ్లు పాడుచేశారనీ, చదువంటే మనకు బెత్తమే గుర్తొస్తుందనీ తేల్చేసేవాళ్లు చాలామంది. చప్పట్లు కొట్టించే మాటే గానీ నిజం కాదు.

దండన అనే అర్థం మన ఒక్కరి సొత్తు కాదు. కన్నడంలో శిక్షె, మరాఠీలో శిక్షా, మలయాళంలో శిక్ష, అన్నీ దండనే. నేర్పడమనే అర్థాన్ని మనం పారేసుకోనూ లేదు. టైలరింగ్ శిక్షణ, టీచర్ల శిక్షణ అని రోజూ అంటూనే ఉన్నాం. కన్నడ, మరాఠీల్లో చదువుకు వాడేదీ ఆ శిక్షణ అన్న మాటే.

అసలు నేర్పడానికీ దండించడానికీ మధ్య గోడ సంస్కృతంలోనే లేదు. శిక్షకు మూలం వేరే ధాతువు, నిజమే. కానీ 'శాస్' అనే ధాతువును చూడండి. బోధించడం, ఏలడం, దండించడం, మూడూ దాని అర్థాలే. శాస్త్రం, శిష్యుడు, శాసనం అందులోంచి వచ్చినవే. 'వాడికి తగిన శాస్తి జరిగింది' అని మన ఊళ్లలో అనే శాస్తి కూడా అదే. పాణిని భాష మాట్లాడినవాళ్లకు లేని పట్టింపు మనకెందుకు? హిందీవాళ్లూ 'సబక్ సిఖాయేంగే' (పాఠం నేర్పుతాం) అన్నప్పుడు బెదిరిస్తున్నారు గానీ పాఠం చెప్పడం లేదు. ఆ సిఖానా శిక్షలోంచి ప్రాకృతం మీదుగా దిగివచ్చిన మాటే. మనం 'బుద్ధి చెప్తా' అనడంలోనూ ఇదే ధోరణి.

మూలాన్ని వదలడమే నేరమైతే హిందీ ఏమీ తక్కువ తినలేదు. అక్కడ ఉపన్యాస్ అంటే నవల. సంస్కృతంలో ఉపన్యాసం నవల కాదు. ఆ మాటను అలా వాడుకునే హక్కు వాళ్లకుంది. అదే హక్కు మనకూ ఉంది.

హిందీ అర్థమే అసలైనదన్న ఈ అపోహ వల్ల నష్టం జరుగుతోంది కాబట్టే ఇంత కోపం. బడి చదువుల కోసం పెట్టిన సర్వశిక్షా అభియాన్‌ను మరి రెండు పథకాలతో కలిపి 2018లో కేంద్రం 'సమగ్ర శిక్ష' అన్నది. ఆ పేరునే తెలుగు అక్షరాల్లోకి దించి మన ఆఫీసుల బోర్డుల మీద రాశారు. 1860 నాటి పీనల్ కోడ్‌ను శిక్షాస్మృతి అని చదువుకున్న జనానికి ఆ బోర్డు ఏమని తోస్తుంది? ఆ బోర్డు చూసి తికమకపడే తల్లిదండ్రులకు భాష రాదనడం అన్యాయం. తెలుగు రానిది ఆ బోర్డు రాయించినవాళ్లకు. విద్య ఉంది, చదువు ఉంది. 'సమగ్ర విద్య' అని రాయడానికి అడ్డేమిటో వాళ్లే చెప్పాలి.