తొందరపెట్టే బేరం

మొన్న రాత్రి వంటిల్లు సర్దుకుని ఫోన్ పట్టుకున్నాను. ఓ కాటన్ చీర నచ్చింది. పక్కనే ఎర్రటి అంకెలు పరుగెడుతున్నాయి: 'ఈ ధర ఇంకా 10 నిమిషాలే'. కంగారుగా కొనేశాను. తెల్లారి చూద్దును కదా, అదే చీర, అదే ధర, మళ్లీ అవే 10 నిమిషాలు! పైగా బిల్లులో నేను ఇస్తానని చెప్పని 'విరాళం' 10 రూపాయలు.

'ఇందులో కొత్తేముందమ్మా? మా రోజుల్లో కొట్టువాడూ ఇదొక్కటే మిగిలిందనేవాడు' అని నవ్వారు అత్తయ్య. నిజమే. కానీ 'రేపొస్తాలే' అని మెట్లు దిగితే వెనక్కి పిలిచేవాడు. మొహం చూస్తే అబద్ధం తెలిసిపోయేది. ఫోనుకి మొహమేదీ?

ఈ ఎత్తులకు 'డార్క్ ప్యాటర్న్స్' అని పేరు. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ ఇలాంటివి 13 రకాలు గుర్తించి, చేయకూడదని మార్గదర్శకాలిచ్చింది. లేని తొందర పుట్టించడం, అడగనిది బుట్టలో వేయడం, 'వద్దు' అంటే సిగ్గుపడేలా చేయడం... అన్నీ అందులో ఉన్నాయి. మన బదులు ముందే టిక్కు పెట్టేయడాన్ని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలే కాదన్నాయి.

అయినా 10 రూపాయలకి ఎవరు ఫిర్యాదు చేస్తారన్నదే వాళ్ల ధీమా. కూరగాయల బండి దగ్గర రూపాయికి వాదించే మనం ఇక్కడెందుకు ఊరుకోవాలి? బిల్లు స్క్రీన్‌షాట్ తీసి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను.

ఇప్పుడు ఏం నచ్చినా బుట్టలో వేసి, ఫోన్ పక్కనపెట్టి నిద్రపోతున్నాను. తెల్లారాక కూడా నచ్చితేనే కొంటాను. ఈ కొట్టు మెట్లు దిగడమంటే అదే మరి!