మన బయాప్సీల లెక్క ఏదీ?
మూత్రపిండంలో వడపోత గుచ్ఛాలకు మచ్చలు కట్టే ఎఫ్‌ఎస్‌జీఎస్‌పై, ఏపీఓఎల్1 జన్యువును గురిపెట్టిన మందులు మనుషులపై ప్రయోగాలకు చేరాయి. సంతోషమే, కానీ ఎవరికన్నదే ప్రశ్న. 2004 నాటి కొలంబియా వర్గీకరణలోని ఐదు రకాల్లో, గుచ్ఛం కుప్పకూలి రోగిని త్వరగా డయాలసిస్‌కు నెట్టే రకం ఆఫ్రికా మూలాలవారిలో ఎక్కువ; స్టెరాయిడ్లకు బాగా లొంగే ‘టిప్’ రకం అమెరికాలో శ్వేతజాతీయుల్లో ఎక్కువ. ఆ మందులు గురిపెట్టిన ఏపీఓఎల్1 జన్యు మార్పులు భారతీయుల్లో దాదాపు కనిపించవు. ఇక్కడ ప్రత్యేక లక్షణాల్లేని రకానిదే పెద్ద వాటా. అక్కడి లెక్కలతో ఇక్కడి రోగికి జోస్యం చెప్పడం అరువు కళ్లద్దాలతో చదవడమే. పైగా బయాప్సీ సూదికి చిక్కిన నాలుగైదు గుచ్ఛాల్లో మచ్చ లేకపోతే ఎఫ్‌ఎస్‌జీఎస్ కాస్తా ‘మినిమల్ చేంజ్’ అనే మరో మూత్రపిండ జబ్బుగా నమోదయ్యే ప్రమాదముంది. ప్రతి బయాప్సీ నివేదికలో వ్యాధి రకం, గుచ్ఛాల సంఖ్య తప్పనిసరి చేసి, వాటిని జాతీయ రిజిస్ట్రీగా కూర్చే బాధ్యత భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తీసుకోవాలి.