రబ్బరు పురుగు కన్నా దాని ముందున్న గుండుకే భయపడాలి



ఆదివారం తెల్లవారకముందే గాలపు కర్రలు భుజాన వేసుకొని నగరం వెలుపలి చెరువులకు బయలుదేరే యువకులు మా తార్నాకలోనూ ఉన్నారు, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని హాస్టళ్లలోనూ ఉన్నారు. ఈ అలవాటును నేను తప్పుపట్టను. సెల్‌ఫోను పక్కన పెట్టి నాలుగు గంటలు నీటి ఒడ్డున ఓపికగా కూర్చోవడం మనసుకు మంచిదే. చెరువుపై హక్కు మత్స్యకార సహకార సంఘానిదైతే వారి అనుమతి తీసుకోవాలి. అంతకు మించి వేటపై నాకు అభ్యంతరం లేదు. నేను హెచ్చరించదలచింది వారి సంచిలో ఉండే ఒక చిన్న వస్తువు గురించి.

మన పెద్దల కాలంలో గాలానికి ఎర అంటే వానపామే. ఇప్పుడు మెత్తని ప్లాస్టిక్ పురుగులు, కప్పలు ఆన్‌లైన్‌లో ఇంటికే వస్తున్నాయి. వీటి పుట్టిల్లు అమెరికా. 1949 ప్రాంతంలో ఒహాయో రాష్ట్రంలోని అక్రన్ నగరవాసి నిక్ క్రీమ్ ఈ ప్లాస్టిక్ పురుగును రూపొందించి అమ్మకానికి తెచ్చారు. అక్కడివారు దానితో బాస్ అనే చేపను పడతారు. మనవాళ్లు అదే జాతి ఎరను మన తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీనుకు వేస్తున్నారు. కదిలే ఎరపై మెరుపులా దూకడం కొర్రమీను స్వభావం కాబట్టి ఈ ఎర ఇక్కడా పనిచేస్తుంది.

ఈ ప్లాస్టిక్ హానికరమా అని కొందరు నన్ను అడుగుతుంటారు. అడగదగిన ప్రశ్నే. పీవీసీని మెత్తబరచడానికి కలిపే థాలేట్ల వంటి రసాయనాలు మంచివి కావు. చెరువులో వదిలేసిన పురుగు వానపాములా కుళ్లిపోదు, మింగిన చేప కడుపులో అరగదు. కాబట్టి తెగిన ఎరలను ఏరి ఇంటికి తెచ్చి చెత్తబుట్టలో వేయాలి. అయితే మనిషి ఆరోగ్యం దృష్ట్యా ఇంతకంటే పెద్ద ప్రమాదం ఆ పురుగుకు ముందు, అదే దారానికి వేలాడుతూ ఉంటుంది. అదే ఎరను నీటి అడుగుకు దింపే సీసపు గుండు.

ఈ సీసం నోటికి చేరే దారులు మూడు. కొందరు చీలిక ఉన్న చిన్న గుండును దారానికి బిగించడానికి పళ్లతో నొక్కుతారు. కొందరు ఖర్చు తగ్గుతుందని పాత సీసాన్ని ఇంట్లోనే కరిగించి గుండ్లు పోసుకుంటారు. సీసం సుమారు 327 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. గ్యాసు పొయ్యికి ఆ వేడి కష్టం కాదు. కరిగించేటప్పుడు లేచే పొగ, ధూళి వంటగది అంతా పరుచుకుంటాయి. మూడో దారి అన్నిటికన్నా భయంకరమైనది. రంగురంగుల మెత్తని పురుగు పసివాడి కంటికి బొమ్మలా కనిపిస్తుంది. దాన్ని లాగి చూస్తే పక్కనే బఠాణీ గింజంత గుండు దొరుకుతుంది. పిల్లల బొమ్మలకు మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బీఐఎస్ ధ్రువీకరణ తప్పనిసరి. గాలపు ఎర బొమ్మ కాదు కాబట్టి ఆ రక్షణ దీనికి లేదు.

ఇది సరదా వేటగాళ్ల సమస్య మాత్రమే కాదు. విసురు వల అంచున సీసపు గుండ్లు కట్టడం, వల విసిరేటప్పుడు ఆ అంచును పళ్లతో పట్టుకోవడం మత్స్యకారుల్లో కొందరికి అలవాటు. చేపలు పట్టడమే జీవనాధారమైన వారికి ఇది ఏళ్ల తరబడి, రోజూ జరిగే వ్యవహారం.

సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. డెసిలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు ఉంటే అది ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలంటుంది. నోటికి చేరిన సీసాన్ని పెద్దవారికంటే చిన్నపిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. అది ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత, చిరాకు, చదువుపై నిలకడ లేకపోవడం దీని లక్షణాలు. వీటిని చూసి సీసాన్ని అనుమానించేవారు తక్కువ.

ఇక్కడ మన పిల్లల తిండి సంగతి కూడా గుర్తు చేసుకోవాలి. శరీరంలో ఇనుము, కాల్షియం తక్కువైతే పేగులు సీసాన్ని మరింతగా పీల్చుకుంటాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ మా తార్నాకలోనే ఉంది. పోషకాహారం గురించి దేశానికి చెప్పే సంస్థ ఉన్న వీధుల్లోనే, రక్తహీనత ఉన్న పిల్లవాడి చేతికి సీసపు గుండు అందే పరిస్థితి ఉండడం నాకు బాధ కలిగిస్తుంది.

నేను అతిగా భయపెడుతున్నానని అనుకోవద్దు. 2006లో అమెరికాలోని మినియాపోలిస్‌లో నాలుగేళ్ల బాలుడు చేతి గొలుసుకు ఉండే సీసపు బిళ్లను మింగి మరణించాడు. కడుపులోని ఆమ్లం సీసాన్ని కరిగించి రక్తంలోకి పంపింది. ఇంగ్లండులో సీసపు గుండ్లు మింగి హంసలు చనిపోతున్నాయని 1987లోనే గాలపు వేటకు వాడే చాలా పరిమాణాల సీసపు గుండ్లను నిషేధించారు. హంసల కోసం ఒక దేశం చేయగలిగిన పని మన పిల్లల కోసం మనం చేయలేమా? పెట్రోలులో సీసాన్ని 2000 నాటికి మానేశాం. 2017 నుంచి ఇళ్ల రంగుల్లో 90 పీపీఎం మించకూడదని హద్దు పెట్టుకున్నాం. గాలపు గుండుకూ, వల గుండుకూ అలాంటి హద్దు రావాలన్నది నా అభిప్రాయం. మత్స్యకారులకు ప్రభుత్వమే ప్రత్యామ్నాయం అందించాలి. ఆ ఖర్చు వారిపై మోపడం న్యాయం కాదు.

అంతవరకు మన చేతిలో ఉన్నవి చేద్దాం. సీసానికి బదులు ఇనుప నట్టు కట్టండి, స్తోమత ఉంటే టంగ్‌స్టన్ గుండు కొనండి. గుండును పళ్లతో నొక్కకండి, పటకారు వాడండి. ఇంట్లో సీసం కరిగించకండి. వేట ముగిశాక సబ్బుతో చేతులు కడుక్కున్న తరువాతే తినండి. గాలపు సంచికి తాళం వేసి పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. పిల్లవాడు గుండు మింగాడన్న అనుమానం కలిగితే అరటిపండు పెట్టి రేపటిదాకా చూద్దామనుకోకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, మింగింది సీసం కావచ్చని వైద్యునికి స్పష్టంగా చెప్పండి. ఎక్స్‌రేలో అది తేలిగ్గా కనిపిస్తుంది. ఎంత త్వరగా తీయగలిగితే అంత నష్టం తప్పుతుంది.

ఈ ఆదివారం చెరువుకు వెళ్లేవారు బయలుదేరే ముందు ఒక్కసారి సంచి తెరిచి ఆ గుండ్లు దేనితో చేసినవో చూడండి.