ఎక్కిన కొండే చూపిస్తారేం?

క్లయింటు ముందు ల్యాప్‌టాప్ తెరవగానే మొదటి స్లైడు అదే. ఎడమ మూల నేలబారుగా మొదలై కుడి మూల ఆకాశానికి లేచే ఆకుపచ్చ గీత. "1979లో 100 ఉన్న సెన్సెక్స్ 80 వేలు దాటింది చూడండి సార్" అంటాడు రిలేషన్‌షిప్ మేనేజర్. సార్ చూస్తాడు, తలూపుతాడు, సంతకం పెడతాడు. తన డబ్బుకు రేపేమవుతుందో ఆ గీత ఒక్క ముక్క చెప్పలేదు.

అందులో 1992 ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి. హర్షద్ మెహతా కుంభకోణం బయటపడ్డ రోజుల్లో, ఏప్రిల్ 28న సెన్సెక్స్ 570 పాయింట్లు పడింది. అంటే 12.77 శాతం! 80 వేల ఎత్తున్న చార్టులో అది వెంట్రుకవాసి కూడా కాదు. 2024 జూన్ 4న, ఎన్నికల ఫలితాల రోజు, 4,390 పాయింట్లు పడితే టీవీలు గుండెలు బాదుకున్నాయి. శాతంలో అది ఆరు కూడా లేదు. పెద్ద దెబ్బను దాచేసి చిన్న దెబ్బను భూతంగా చూపే స్కేలును పట్టుకుని ఊళ్లు తిరుగుతున్నారు వీళ్లు. 100 నుంచి 200కైనా, 40 వేల నుంచి 80 వేలకైనా పెరగడం రెట్టింపే. రెండింటికీ ఒకే ఎత్తు ఇచ్చేది లాగరిథమిక్ స్కేలు. అడిగితే "క్లయింటుకు అర్థం కాదండీ" అంటారు. నూటికి రెండు రూపాయల చక్రవడ్డీని నోటిలెక్కతో కట్టే మనుషులున్న నేల మీద నిలబడి అనే మాటేనా ఇది?

2008 సంగతి మరీ ఘోరం. జనవరిలో 20,873 దగ్గర ముగిసిన సెన్సెక్స్ 2009 మార్చికి 8,160కి జారింది. నూటికి అరవై పోయింది. మిగిలిన నలభై మళ్లీ నూరవ్వాలంటే 150 శాతం పెరగాలి. 2010 దీపావళికి పాత శిఖరాన్ని కాస్త దాటి మళ్లీ జారింది, 2013 చివర్లో గానీ తిరిగి ఆ ఎత్తుకు రాలేదు. కూతురి పెళ్లి 2009లో పెట్టుకున్న తండ్రికి కావలసింది ఈ పల్లం లోతూ, దాని వెడల్పూ. శిఖరం నుంచి ఎంత పడింది, తిరిగి రావడానికి ఎన్నాళ్లు పట్టింది అన్న ఆ ఒక్క చార్టూ మీ ముప్పై స్లైడుల్లో ఎందుకుండదు?

ఇక సిప్ చార్టు. నెలకు 10,000 చొప్పున 30 ఏళ్లు, 12 శాతం రాబడితో మూడున్నర కోట్లు. ఎక్కడా వణకని నున్నటి గీత, అసలు మార్కెట్టే లేని దేశంలో గీసినట్టు. అదే గీత పక్కన 6 శాతం ద్రవ్యోల్బణం తీసేసిన గీత పెట్టండి. మూడున్నర కోట్లు ఇవాళ్టి డబ్బులో సుమారు 61 లక్షలు. ఇంకో గీత కూడా గీయండి, దమ్ముంటే. ఏటా ఒక్క శాతం ఖర్చుల కింద పోయి 11 శాతమే మిగిలితే చేతికొచ్చేది 2 కోట్ల 80 లక్షలు. తేడా 70 లక్షలు. కట్టిందే 36 లక్షలు! 2013 జనవరి నుంచి మ్యూచువల్ ఫండ్లలో కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్లు మన దేశంలో ఉన్నాయి. ఈ మూడో గీత ఏ స్లైడులోనూ కనబడకపోవడానికి కారణం నేను చెప్పాలా?

రెండు వైపులా రెండు యాక్సిస్‌లు పెట్టి బంగారాన్నీ సెన్సెక్స్‌నీ జంటగా నడిపించే గారడీ గురించి, త్రీడీ పై చార్టుల గురించి రాయడానికి నాకు ఓపిక లేదు. డివిడెండ్లు తీసేసిన సూచీతో పోల్చుకుని "మేం మార్కెట్టును ఓడించాం" అని ఫండ్ సంస్థలు చాటుకునే ఆటను 2018 ఫిబ్రవరి నుంచి సెబీ ఆపించాల్సి వచ్చింది. తమంతట తాము ఆపలేదు మరి.

"పల్లాలు చూపిస్తే క్లయింటు భయపడి పారిపోతాడు" అంటారు. పారిపోనివ్వండి! 40 శాతం నష్టాన్ని కాగితం మీద చూసి పారిపోయేవాడు 2020 మార్చి 23న, సెన్సెక్స్ ఒక్కరోజే 13 శాతం కూలిన నాడు, అట్టడుగు ధరకే అన్నీ అమ్ముకుని పారిపోయేవాడు. ఆ నష్టం అతనిది, అంతవరకూ పుచ్చుకున్న కమీషన్ మీది.

ఇదంతా సరిచేయడానికి కొత్త సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. ఎక్సెల్‌లో నిలువు యాక్సిస్ మీద కుడి క్లిక్ చేసి ఫార్మాట్ తెరవండి. లాగరిథమిక్ స్కేల్ అని ఒక చిన్న గడి ఉంటుంది. టిక్ పెట్టండి.