జ్ఞానదంతాల్లేని జమైకా కోతి

పళ్ళు చూసి చుట్టరికం కలపొచ్చా? కలపొచ్చు గానీ, ఏ పన్నుకి ఎంత విలువివ్వాలో తెలిసుండాలి అంటాన్నేను.

జమైకా, క్యూబా, హిస్పానియోలా దీవుల సొంత కోతులు ఇప్పుడొక్కటీ మిగల్లేదు. బార్బడోస్‌లో గెంతేవి ఆఫ్రికా నుంచి మనుషులు తెచ్చిన వాటి సంతతి. 1920లో హెరాల్డ్ ఆంథొనీ జమైకా గుహలో ఓ దవడ తవ్వి తీశాడు. 1952లో గానీ దానికి జెనోథ్రిక్స్ అన్న పేరు రాలేదు.

అక్కణ్ణుంచీ గొడవే. ఈ కోతికి మూడో దవడపన్ను, అంటే మన జ్ఞానదంతం, లేదు. మార్మొసెట్లకీ ఉండదు. అయితే రెండూ చుట్టాలా? ఇక్కడే నా ప్రోగ్రామర్ బుర్ర అడ్డం తిరుగుతుంది. రెండు సాఫ్ట్‌వేర్లలో ఒకే ఫీచర్ లేనంత మాత్రాన ఒకటి రెండోదాన్ని కాపీ కొట్టినట్టా? వేర్వేరు టీములు వేర్వేరు కారణాలతో పీకేసి ఉండొచ్చుగా! ఉన్నదాని కంటే లేనిది బలహీనమైన సాక్ష్యం.

హెర్ష్‌కోవిట్జ్ 1970లో దీనికి ఏకంగా వేరే కుటుంబమే ఇచ్చేశాడు. రోజెన్‌బర్గర్ గుడ్లగూబ కోతికి దగ్గరన్నాడు. మెక్‌ఫీ, హోరోవిట్జ్ మాత్రం టిటి కోతుల బంధువన్నారు. 2018లో డీఎన్ఏ దొరికింది. టిటి కోతుల గుంపులోదే, సుమారు కోటీ పది లక్షల ఏళ్ళ కిందట విడిపోయిందని తేలింది.

"చూశారా, ఎముకలు దండగ, డీఎన్ఏనే నమ్మాలి" అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. మెక్‌ఫీ వాళ్ళు టిటి అని చెప్పింది ఎముకలూ పళ్ళూ చూసే కదా! ఒక్క లక్షణాన్ని పట్టుకు వేలాడకుండా చాలా లక్షణాలు కలిపి తూచారు, అంతే.

ఇంకోటి. 2018లో చదివింది జమైకా కోతి డీఎన్ఏని. క్యూబా కోతికి 1991లో పెట్టిన పేరు పారలువాటా, అంటే హౌలర్ కోతికి దగ్గరిదని. పేరులోనే తీర్పు ఇచ్చేశారన్నమాట! తర్వాత మెక్‌ఫీ వాళ్ళు దాన్నీ, హిస్పానియోలా కోతినీ కూడా టిటి పక్కకే చేర్చారు. నిజమే కావచ్చు. కానీ జమైకా రిపోర్టు చూపించి మూడు దీవుల కేసులూ మూసెయ్యడం, ఒక మాడ్యూల్ టెస్ట్ చేసి మొత్తం రిలీజ్ చేసెయ్యడం లాంటిది. అసలు కోతులు దక్షిణ అమెరికా నుంచి సముద్రం ఎన్నిసార్లు దాటాయన్న లెక్క ఈ చుట్టరికాల మీదే ఆధారపడుంది. అందుకే తొందరపడకూడదంటాను. మీరేమంటారు?