నౌకాగృహవాసము – అనికేతత్వము

నగరకోలాహలాన్ని విడిచి నౌకయందే నిత్యనివాసం చేయాలనే ఊహ సాధకునికి రమ్యంగా తోచడం సహజం. అందులో గుణాలు లేకపోలేదు. స్థలసంకోచం వలన వస్తుసంచయం తగ్గి అపరిగ్రహం అలవడుతుంది. ఏకాంతం జపధ్యానాలకు అనుకూలిస్తుంది. చలించే జలం అనిత్యత్వాన్ని అనుక్షణం స్మరింపజేస్తుంది.

దోషాలూ విచారణీయాలే. తేమకు కొయ్య శిథిలమవుతుంది. మరమ్మతులకు అంతం ఉండదు. వృద్ధులకు, శిశువులకు అపాయం అధికం. కోనసీమలోని దిండి వద్ద గోదావరిపై ఉన్న నౌకాగృహాలు విహారార్థమే గాని సంసారార్థం కావు. వరదకాలంలో గోదావరిపై విహారనౌకలనే నిలిపివేస్తారు; నావయే ఇల్లైనవాడు అప్పుడెక్కడికి పోవాలి? సర్వసంగపరిత్యాగియైన పరివ్రాజకుడు సైతం వర్షాకాలంలో చాతుర్మాస్యదీక్షతో ఒకచోట నిలుస్తాడు కదా!

నాగోలు చెంత ప్రవహించే మూసీ మరొక పాఠం. నగరపు మురుగును మోస్తున్న ఈ నదికై నాగోలులో శుద్ధికేంద్రం అవసరమైంది. జలంలో మలమూత్రవిసర్జనను మనుస్మృతి నిషేధించింది. కనుక వ్యర్థాలను తీరానికి చేర్చే ఏర్పాటు లేని నౌకావాసం, ఎంత వైరాగ్యంతో చేసినా, జలద్రోహమే. అయితే స్థిరగృహం మాత్రం శాశ్వతమా? 2020 అక్టోబరులో నాగోలు కాలనీలలోకి వరద ప్రవేశించినప్పుడు ఆ భ్రమ కూడా తొలగిపోయింది.

భగవద్గీత పన్నెండవ అధ్యాయం భక్తుని అనికేతుడనీ, స్థిరమతి అనీ ఒకేచోట వర్ణించింది. నియతనివాసం లేనివాడని శంకరులు, గృహాదులయందు ఆసక్తి లేనివాడని రామానుజులు వ్యాఖ్యానించారు. యతికి మొదటి అర్థం శోభిస్తుంది. అతిథిసేవ, మాతాపితృపోషణ స్వధర్మాలైన గృహస్థునికి రెండవదే ఆచరణీయం. నివాసం మారినంత మాత్రాన మమకారం నశించదు. మమకారం నశిస్తే నాగోలులోని అద్దె ఇల్లు కూడా ఆశ్రమమే.